ఇంకొకడు బిగించిన నట్టు

ఆ ఉదయం ప్లానులో కొత్తేమీ లేదు. ఆమె కారు నడుపుతుంది, దారిలో అతన్ని ఆసుపత్రి దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి కొలతల టేపు పట్టుకుని ఎవరివో కిటికీలు కొలవడానికి వెళ్తుంది. అతను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆమెకు కర్టెన్ల షాపు ఉంది. మనుషుల లోపల ఏముందో చూడటం అతని పని, ఇళ్ల లోపల ఏముందో బయటికి కనపడకుండా చేయడం ఆమె పని. ఈ తేడా వల్ల కాపురానికి ఏ ఇబ్బందీ లేదని ఇద్దరూ అనుకునేవారు. ఈమధ్య ఆమె ఒక్కతే అనుకుంటోంది.

మొదటి సిగ్నల్ దగ్గర ఆమె బ్రేకు మీద కాలు వేసింది. స్టీరింగు గజగజ వణికింది. డాష్‌బోర్డు మీదున్న ఆమె కళ్లజోడు జారి వచ్చి అతని ఒళ్లో పడింది.

"మళ్లీ మొదలైంది," అంది ఆమె.

"రోడ్డు బాగాలేదు."

"రోడ్డుకేం, అద్దంలా ఉంది. బ్రేకు తొక్కితే వణుకుతోంది, వదిలితే ఊరుకుంటోంది. ఇప్పటికి రెండుసార్లు డిస్కులు విప్పి లేత్ మీద చెక్కించాం. పట్టుమని నెల రోజులు బాగుంటుంది, మళ్లీ ఇదే వరస." ఆకుపచ్చ లైటు పడింది. ఆమె గేరు వేసింది. "ఈసారి చెక్కించడాల్లేవు. కొత్త డిస్కులే వేయిద్దాం. అప్పుడూ వణికిందంటే ఈ బండి అమ్మేస్తా. కోచ్ గారు కొత్త కారు కొంటున్నారట. పాతది నాకే ఇస్తానన్నారు."

"ఏ కోచ్?" అన్నాడు అతను, కళ్లజోడు మడుస్తూ.

ఏ కోచో అతనికి తెలుసు. అది గుర్తురాని పూట ఈమధ్య ఒక్కటీ లేదు.

కొన్ని నెలల కిందట దిగుడు రోడ్డులో ఆమె కారు టైరు పంక్చరైంది. అటుగా పోతున్న ఈత కోచ్ ఆగి, స్టెప్నీ మార్చి పెట్టాడు. ఆ సంగతి ఆమె భోజనాల దగ్గర చెప్పింది. "నేను జాకీ తిప్పాను, అంతే. నట్లన్నీ ఆయనే బిగించారు. ఒంటిచేత్తో!" అంది. ఆ తర్వాత కూడా ఆమె ఏదో చెబుతూనే ఉంది. అతను మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. గ్లాసు నిండి, పొంగి, నీళ్లు మోచేతి దాకా కారాక కుళాయి కట్టాడు.

మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్లగానే కారు దగ్గరికి వెళ్లి ఆ చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. చక్రం అతనిదే. నట్లూ అతనివే. బిగింపు మాత్రం ఇంకొకడిది. తన ఇంటి ముందు, తన భార్య తిరిగే బండికి, ఇంకొక మగాడి చేతి బలం అంటుకుని ఉంది. పానా పెట్టి లాగాడు. నట్టు కొంచెం తిరిగింది. ఆ కొంచెం తిరగడంలో ఒక సుఖం ఉంది. ఎక్కడో ఎవరినో ఓడించినట్టు. అయితే అలాంటి సుఖం ఒక నట్టుతో ఆగదు. స్టోరు గదిలో ఒక ఇనప గొట్టం కనపడింది. దాన్ని పానా కాడకు తొడిగి, పైకెక్కి నిలబడ్డాడు. నట్టు కీచుమంది. మిగతా మూడు చక్రాలకు అన్యాయం చేయడం ఎందుకని వాటి మీదా ఎక్కాడు.

దీనికి అతను అసూయ అని పేరు పెట్టలేదు. 'చెకింగ్' అన్నాడు. మనిషి తన మనసుకు పెట్టుకునే పేర్లెప్పుడూ ఇలా గౌరవంగానే ఉంటాయి. ఆ తర్వాత మెకానిక్ చక్రాలు విప్పి బిగించినప్పుడల్లా బిగింపు మళ్లీ పరాయిదై పోయేది. బండి ఇంటికి రాగానే అతను మళ్లీ చెకింగ్ చేసేవాడు. గొట్టం డిక్కీలో, కార్పెట్ కింద భద్రంగా ఉండేది.

మెకానిక్‌ను అందరూ వేదాంతి అంటారు. బండి బాగుచేసే ముందు దాని జీవితం గురించి చెబుతాడు.

"డిస్కు వంకరపోయింది సార్," అన్నాడు వేదాంతి, దాన్ని కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని. "కంటికి ఆనదు. వెంట్రుకవాసి. కానీ ఏ వణుకైనా వెంట్రుకవాసి దగ్గరే మొదలవుతుంది."

"ఎందుకు పోతోంది వంకర?"

"వేడి సార్. దిగుడులో బ్రేకు తొక్కుతూ తొక్కుతూ వస్తామా, డిస్కు కాలిపోతూ ఉంటుంది. కింద ఆపి, కాలు తీయకుండా అలాగే నొక్కిపట్టి కూర్చుంటే ప్యాడు పట్టుకున్నచోట ముద్ర పడిపోతుంది. మేడం గారు ఎక్కడో అలా ఆపుకుని కూర్చుంటున్నారు. చాలాసేపు."

"ఎక్కడ?"

"నాకెలా తెలుస్తుంది సార్? డిస్కు అంతవరకే చెబుతుంది."

ఊళ్లో దిగుడు రోడ్డు ఒక్కటే. అది దిగితే మలుపులో ఈత కొలను. ఎక్స్‌రే చూసేవాడికి ఒక అలవాటు ఉంటుంది: సన్నటి గీత కనపడితే చాలు, మిగతా పగులు అతనే ఊహించుకుంటాడు.

"నువ్వా దిగుడు కింద ఆగుతుంటావా?" అని అడిగాడు ఆ సాయంత్రం, చాలా మామూలుగా.

"ఆగకపోతే గోడకు గుద్దుకుంటా. అక్కడ మలుపు కదా!"

"ఆగి?"

"ఆగి, చూసుకుని, తిరుగుతా."

"ఏం చూసుకుని?"

"ఎదురొచ్చే బండ్లని! ఏమైందండీ మీకివాళ?"

కొత్త డిస్కులు వచ్చేదాకా బండి వేదాంతి దగ్గరే ఉండిపోయింది. కొలను ఆఫీసుకి, బట్టలు మార్చుకునే గదులకి కర్టెన్లు కుట్టే ఆర్డరు ఆమెదే. "మీ షాపు నా దారిలోనే కదా మేడం, దింపేస్తా," అన్నాడట కోచ్. రోజూ సాయంత్రం ఒక తెల్ల కారు వచ్చి ఇంటి ముందు ఆగేది. అతను కిటికీ పక్కన, ఆమె కుట్టిన కర్టెన్ వెనకే నిలబడి చూసేవాడు. కారు ఆగినట్టే ఉండేది కాదు. కదలడం మానేసినట్టు ఉండేది.

"ఎంత మెత్తగా ఆగుతుందో తెలుసా!" అంది ఆమె చెప్పులు విప్పుతూ. "చేతిలో నిండు గ్లాసున్నా తొణకదు."

"వాళ్ల కారులో గ్లాసులు కూడా ఇస్తారా?"

ఆమె అతని వంక ఒక క్షణం చూసి, తల ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

కొత్త డిస్కులు వచ్చాయి. బండి ఇంటికొచ్చింది. ఈసారీ బండి వణికితే ఆమె రోజంతా ఆ తెల్ల కారులో తిరుగుతుంది. ఆయన కూర్చున్న సీట్లో కూర్చుంటుంది. ఆయన చేయి పట్టిన స్టీరింగు పట్టుకుంటుంది. అందుకే ఆదివారం పొద్దున గొట్టం మీద నిలబడటమే కాదు, ఒకటి రెండుసార్లు చిన్నగా ఎగిరాడు కూడా. కొత్తవి కదా, పాతవాటి కన్నా ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలి.

అయినా మనసు నిలవలేదు. ఆసుపత్రిలో పూట సెలవు పెట్టి, బస్సెక్కి, కొలను దగ్గరికి వెళ్లి చూసేవాళ్ల బెంచీ మీద కూర్చున్నాడు. ఏం చూడాలో అతనికి తెలియదు. ఏదో ఒకటి కనపడుతుందని మాత్రం తెలుసు. కనపడింది కోచే. ఎదురుగా వచ్చి, విశాలమైన ఛాతీతో వెలుతురుకు అడ్డం నిలబడ్డాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ," అన్నాడు కోచ్.

ఎక్కడ చూసి ఉంటాడు? ఆమె ఫోనులో ఫోటో. ఫోను చూపించేంత దగ్గరగా కూర్చున్నారన్నమాట.

"నన్నెవరూ చూడరండీ," అన్నాడు.

"ఈత నేర్చుకుందామని వచ్చారా?"

ఉన్నమాట చెప్పే వీలు లేదు. "అవునండీ," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫీజు, నీలం టోపీ, కళ్లద్దాలు వెంటవెంటనే వచ్చి పడ్డాయి. కౌంటరులో అతని కొలతకు మిగిలిన నిక్కరు ఒక్కటే. దాని మీద రంగురంగుల చిలకలున్నాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లంతా రిటైరైన పెద్దవాళ్లు, ఆడా మగా. వాళ్ల మధ్య అతను ఒక్కడే నడివయసువాడు, ఒక్కడే మునిగేవాడు. కోచ్ అతని పొట్ట కింద అరచేయి పెట్టి నీళ్ల మీద నిలపడానికి చూసేవాడు.

"వదిలెయ్యండి సార్. ఒళ్లు వదిలెయ్యండి. ఎందుకంత బిగుసుకుపోతారు?"

"నా ఒళ్లు అంతే."

"ఏ ఒళ్లూ అలా ఉండదు సార్. మీరేదో పట్టుకున్నారు. అది వదలండి."

పక్కన తామరాకులా తేలుతున్న రిటైర్డు పోస్టుమాస్టరు కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా బాబూ?"

వారం రోజులు వెళ్లాడు. సాక్ష్యం దొరకలేదు. ఈతా రాలేదు. ఒంటికి వాసన మాత్రం పట్టింది.

"ఇదేం వాసన?" అంది ఆమె, అతని తల దగ్గర ముక్కు పెట్టి.

"ఆసుపత్రి."

"ఆసుపత్రి వాసన నాకు తెలుసు. ఇది ఇంకొంచెం శుభ్రంగా ఉంది."

"ఎక్స్‌రే ఫిల్ము కడిగే మందు."

"ఫిల్ములు పోయి కంప్యూటర్లొచ్చి ఎన్నాళ్లయింది! మీరేగా సంబరంగా చెప్పారు. సరే, కళ్ల చుట్టూ ఆ గుండ్రటి గీతలేంటి?"

"నిద్ర లేక."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆమె అడగకపోవడం అతనికి నచ్చింది. అక్కడే పొరబడ్డాడు. బట్టలు ఆరేసేటప్పుడు ఆమెకు అతని సంచిలో ఒక తడి నిక్కరు దొరికింది. ఇన్నేళ్లలో బూడిదరంగు తప్ప వేరే చొక్కా కొనని మనిషి. చిలకల నిక్కరు. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. కిటికీకి కొలత సరిపోని కర్టెన్‌ను చూసినట్టు.

ఆసుపత్రికి ఫోను చేస్తే, పూట సెలవులో ఉన్నాడన్నారు. ఆ మర్నాడూ అదే చెప్పారు. ఆ వాసన ఎక్కడిదో ఆమెకు తట్టింది. కొలను ఆఫీసు కిటికీలు కొలిచినప్పుడు టేపుకి కూడా అదే వాసన పట్టింది. కారు తీసుకుని దిగుడు దిగి, కొలను తీగల కంచె పక్కన ఆపి, ఇంజను ఆపకుండా, బ్రేకు మీద కాలు తీయకుండా కూర్చుని తొంగి చూసింది. నీళ్లలో నీలం టోపీలు తేలుతున్నాయి. కొన్ని ఆడవాళ్లవి. అంత దూరం నుంచి టోపీల వయసు తెలియదు.

అలా వేదాంతి చెప్పిన మాట ఆలస్యంగానైనా నిజమైంది. ఇప్పుడామె దిగుడు కింద ఆపుకుని కూర్చుంటోంది. చాలాసేపు. ఒక అసూయ నీళ్లలో, ఒక అసూయ కంచె అవతల, దేనికదే తానొక్కదాన్నే అనుకుంటూ.

శనివారం పొద్దున అతను "ఇవాళ నేను బస్సులో వెళ్తాలే, నువ్వు నీ పని చూసుకో," అన్నాడు. "అలాగే," అంది ఆమె, మరీ తీయగా. బస్సు వెళ్లాక అరగంట ఎలాగో ఓపిక పట్టి ఆమె కారు తీసింది. మనసు వేగంలో ఉంది, కారు అంతకన్నా వేగంలో ఉంది. దిగుడు చివర బ్రేకు తొక్కింది. స్టీరింగు ఇదివరకెన్నడూ లేనంతగా వణికి చేతుల్లోంచి జారబోయింది. ముందు చక్రం ఫుట్‌పాత్ రాయికి గుద్దుకుంది. టైరు పేలిన శబ్దానికి కొలనులో పోస్టుమాస్టరు మొదటిసారి మునిగాడు.

గేటు తెరుచుకుంది. ముందు కోచ్ పరిగెత్తుకొచ్చాడు. వెనక తువ్వాళ్లు కప్పుకుని పెద్దవాళ్లు. అందరికన్నా వెనక, నీలం టోపీతో, చిలకల నిక్కరుతో అతను.

"అరె మేడం! మళ్లీ ఇక్కడేనా?" అన్నాడు కోచ్. "దెబ్బేం తగల్లేదుగా?"

'మళ్లీ ఇక్కడేనా' అన్న మాట అతని చెవిలో పడింది. చలిలో కూడా చెవులు వేడెక్కాయి. ఈలోగా ఆమె అతన్ని చూసింది.

"మీరు ఆసుపత్రికి కదా వెళ్లారు?"

"నువ్వు కిటికీలకి కదా వెళ్లావు?"

కోచ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరికీ పరిచయమా?"

"ఏదో కొద్దిగా," అంది ఆమె. "మా ఆయన."

ఆమె పెద్దవాళ్ల గుంపును ఒకసారి పరికించింది. తువ్వాళ్లలో ఉన్న ఆడవాళ్లలో చిన్నావిడకు కూడా మనవలుంటారు. ఆమె మొహంలో ఏదో కాస్త వదులైంది. వాతావరణం తేలికపడాలని కోచ్ చేతులు దులుపుకుని, "ముందు టైరు మార్చేద్దాం. ఎంతసేపు!" అని పానా అందుకున్నాడు.

నట్టుకు పానా పెట్టి లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కాలు పెట్టి తన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది. పెద్దవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. పోస్టుమాస్టరు కూడా ఒక పట్టు పట్టి వెనక్కి తగ్గాడు.

అతను చూస్తున్నాడు. నెలల తరబడి లోపల మూలుగుతున్నదేదో లేచి నిలబడి వెన్ను చాచుకుంది. విశాలమైన ఆ ఛాతీ ఎగసిపడుతోంది. నట్టు అక్కడే ఉంది. లోకంలో ఇంతకంటే అందమైన నట్టు లేదు.

"దీన్ని మనిషి బిగించలేదు మేడం," అన్నాడు కోచ్ ఆయాసపడుతూ. "ఏదో మెషీను పని."

అప్పుడు నోరు మూసుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ ఓడిన శత్రువు ఆ గెలుపును మెషీనుకు ఇచ్చేస్తుంటే భరించేవాడెవడు?

"మెషీను కాదు," అన్నాడు అతను, టోపీ తీసి. "నేనే."

"మీరా? ఎలా?"

చెప్పడం దేనికి, చూపిస్తే పోలా! డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, గొట్టం తీసి అందరి ముందూ నిలబెట్టాడు. ఆమె రెండడుగులు దగ్గరికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది నా గొట్టం. స్టేజీ తెర కోసం తెప్పించింది. ఒకటి తక్కువ పంపారని సరుకిచ్చినాయనతో ఎంత గొడవపడ్డాను!"

"స్టోరు గదిలో ఉంటే..."

"దీంతో బిగించారా? ఎప్పుడు?"

"మెకానిక్ బిగించాక. నేనూ ఒకసారి."

"ప్రతిసారీనా? కొత్త డిస్కులకి కూడా?"

"అప్పుడు ఇంకొంచెం గట్టిగా," అన్నాడు. ఆ మాట బయటికొచ్చాక గానీ అది గొప్ప కాదని అనుమానం రాలేదు.

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. "గోడకి బ్రాకెట్టు పెట్టేటప్పుడు ఒక మూల స్క్రూ మరీ బిగిస్తే ప్లేటు వంగి రాడ్డు పక్కకి లాగేస్తుందని షాపులో రోజూ అరుస్తాను. ఇక్కడ ఇంట్లో..." ఫోను తీసి వేదాంతికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"గొట్టం తొడిగి పైకెక్కారా?" అన్నాడు వేదాంతి. "అలా ఇష్టమొచ్చినట్టు ఒక్కో నట్టు ఎక్కి తొక్కితే డిస్కు పాపం ఏం చేస్తుంది మేడం, వంగుతుంది. నాకు మొదటి నుంచీ అనుమానమే."

"మేడం కాలే కారణమన్నావుగా!" అన్నాడు అతను.

"అది వేడి సిద్ధాంతం సార్. ఇది బిగింపు సిద్ధాంతం. రెండూ నిజమే," అని వేదాంతి ఫోను పెట్టేశాడు.

ఆమె గొట్టం కిందికి దించింది. "ఎందుకండీ? ఎందుకు బిగించారు?"

అతను కోచ్ వైపు చూశాడు. చిలకల నిక్కరులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. "ఆయన ఒంటిచేత్తో బిగించాడన్నావు," అన్నాడు, వినీ వినపడకుండా.

కోచ్ తెల్లబోయాడు. "రెండో చెయ్యి కట్టులో ఉంటే ఒంటిచేత్తో కాక ఇంకెలా బిగించనండీ?"

"అదే చెప్పాను ఆ రోజు," అంది ఆమె. "చెయ్యి విరిగి కూడా ఆగారు, పాపం అని. మీరు మంచినీళ్లకని లేచిపోయారు."

"వదులుగా ఉన్నాయేమో మేడం, ఇంట్లో ఎవరితోనైనా ఒకసారి బిగించుకోండి అని కూడా చెప్పాను," అన్నాడు కోచ్. "మా ఆయన ఉన్నారు, ఆయన చూసుకుంటారు అన్నారు మీరు. చాలా ధీమాగా అన్నారు." అంతలో ఏదో గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నాడు. "సార్! మిమ్మల్ని చూసింది ఎక్స్‌రే గదిలో! నా చేతికి ఎక్స్‌రే తీసింది మీరే. మీరు తలెత్తలేదు, చేతినే చూశారు."

అతను ఆ చేతిని చూశాడు. మొహం ఇప్పటికీ గుర్తు రాలేదు. ఎముక గుర్తొచ్చింది. "ఎడమ మణికట్టు," అన్నాడు మెల్లగా. "బొటనవేలి వైపు సన్నటి పగులు." అంత చక్కటి ఎముకకు దెబ్బ తగిలిందే అని ఆ రోజు నిజంగానే బాధపడ్డాడు కూడా.

చివరికి అతనే గొట్టం తీసుకెళ్లి పానాకు తొడిగి, విప్పే వైపుకి ఎక్కి నిలబడ్డాడు. ఠప్పుమంది. నట్టు ఊడి వచ్చింది, దాంతోపాటు బోల్టు కూడా విరిగి వచ్చింది. ఇక స్టెప్నీతో పని లేదు. బండిని ఎత్తుకుపోయే క్రేన్‌కు ఫోను చేశారు.

"అయితే కారు అమ్మేస్తావా?" అని అడిగాడు, క్రేన్ వచ్చి కొక్కెం తగిలిస్తుంటే. అతను ఇన్నాళ్లూ అడగడానికి భయపడ్డ ప్రశ్న అదొక్కటే.

"అమ్మను. కొనేవాళ్లకి ఈ కథంతా ఎలా చెప్పేది?" గొట్టం అతని చేతిలోంచి తీసుకుంది. "ఇది మాత్రం ఇకమీదట నా దగ్గరుంటుంది. సరే, ఆ చిలకలు ఎవరి కోసం?"

"కౌంటర్లో అదొక్కటే మిగిలింది."

ఆమె మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం బ్రేకు తొక్కిన స్టీరింగులా వణికాయి.

క్రేన్‌లో డ్రైవరు పక్కన ఒక్కరికే చోటుంది. ఆమె ఎక్కి గొట్టం ఒళ్లో పెట్టుకుంది. "మిమ్మల్ని నేను దింపుతా సార్," అన్నాడు కోచ్. అలా అతను తువ్వాలు పరుచుకుని ఆ తెల్ల కారులో, ఇన్ని వారాలు తనను దహించిన ఆ సీట్లో కూర్చున్నాడు. సీటు మామూలు సీటే. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆగిందని అద్దంలోంచి చూస్తే గానీ తెలియలేదు.

"ఒళ్లు వదిలెయ్యండి సార్," అన్నాడు కోచ్ నవ్వుతూ.

అతను వదిలేశాడు. వీపు సీటుకు ఆనింది, చేతులు ఒళ్లో తేలాయి. వారం రోజులు నీళ్లలో రానిది ఇక్కడ వచ్చింది. ముందు క్రేన్ వెళ్తోంది, దాని వెనక తన కారు వేలాడుతోంది. మలుపులో క్రేన్ క్యాబిన్ పక్కనుంచి కనపడింది. మీసాల డ్రైవరు ఏదో అన్నాడు. ఆమె తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది.

అతను కొంచెం ముందుకు వంగి చూశాడు. క్రేన్ చక్రాల నట్లు కాస్త వదులుగా ఉన్నట్టు అనిపించింది.